ఒక్క రైడర్‌కి 2.6 కోట్లా?

ఫుట్‌బాల్ ఫ్యాన్స్ ఖరీదైన మిడ్‌ఫీల్డర్ గురించి వాదించుకుంటారు. నరసరావుపేటలో మనం కబడ్డీ రైడర్ గురించి వాదించుకుంటాం, అంతే తేడా.

2023 వేలంలో తెలుగు టైటాన్స్ పవన్ సెహ్రావత్‌ని 2.605 కోట్లకి తీసుకుంది. అప్పటికి ప్రో కబడ్డీలో అదే రికార్డు. టీమ్ మొత్తానికి ఉన్న బడ్జెట్ 5 కోట్లు. అంటే సగానికి పైగా ఒక్క ప్లేయర్‌కే! రిజల్ట్ ఏంటి? 22 మ్యాచ్‌ల్లో గెలిచింది రెండే. ఆఖరి స్థానం.

తప్పు పవన్‌దా? కాదండి. ఆట రూల్ చూడండి. రైడర్ ఔటైతే బయట కూర్చోవాలి. తోటివాళ్లు ఎదుటి టీమ్‌లో ఒకరిని ఔట్ చేస్తే మళ్లీ లోపలికి వస్తాడు. ఆ పని చేసే డిఫెండర్లు, రెండో రైడర్ లేకపోతే, కోట్ల ప్లేయర్ కూడా బెంచీ మీదే!

స్టార్ వద్దని నేను అనట్లేదు. స్టార్ ఉంటేనే స్టేడియం నిండుతుంది, నిజమే. కానీ పాట పెంచేముందు ఒక్కటి అడగాలి: ఇతను ఔటైతే తిరిగి తెచ్చేదెవరు? వాళ్లకి డబ్బు మిగిలిందా?

మీరైతే ఏం చేస్తారు? ఒక స్టార్‌ని కొంటారా, ఇద్దరు గట్టి కార్నర్ డిఫెండర్లనా? చెప్పండి. ఉంటాను మరి.