ఫిజిక్స్ పిహెచ్‌డి నుంచి క్యాన్సర్ ఆసుపత్రికి: ముందే తెలుసుకోవాల్సింది

సెలవుకి ఇంటికొచ్చాను, అందుకే ఈ ఎపిసోడ్ ఏలూరులో రికార్డ్ చేస్తున్నా. మొన్న తాడేపల్లిగూడెం నుంచి ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. ఎమ్మెస్సీ ఫిజిక్స్ అయింది, పిహెచ్‌డి సీటు వచ్చింది. "అన్నా, అది పూర్తిచేసి నీలాగా మెడికల్ ఫిజిక్స్‌లోకి వస్తా" అన్నాడు. ఆగరా బాబూ అన్నాను. ఎందుకో చెబుతాను.

ముందు పనేంటో చూద్దాం. క్యాన్సర్ ఆసుపత్రిలో లినాక్ అనే మెషీన్ కణితి మీదకి ఎక్స్-రేలు పంపుతుంది. ఎంత డోసు ఇవ్వాలో డాక్టర్ గారు రాస్తారు. అంతే డోసు, సరిగ్గా అక్కడికే చేరేలా చూసేది మెడికల్ ఫిజిసిస్ట్.

ఆ డోసుని మేం నీళ్లలో కొలుస్తాం. మన కండ రేడియేషన్‌ని దాదాపు నీళ్లలాగే పీల్చుకుంటుంది కాబట్టి. నీళ్ల తొట్టిలోకి చిన్న అయాన్ ఛాంబర్ దించి, ఒక్కో లోతులో రీడింగ్ తీస్తాం. 6 ఎంవి ఎక్స్-రే అయితే 1.5 సెంటీమీటర్ల దగ్గర డోసు గరిష్ఠం. 10 సెంటీమీటర్లకి అందులో సుమారు మూడింట రెండు వంతులే మిగులుతుంది. కొల్లేటి చేపల చెరువులు చూస్తూ పెరిగినవాణ్ణి, అమెరికా వెళ్లీ నీళ్ల లోతే కొలుస్తున్నా!

నా పిహెచ్‌డి థిన్ ఫిల్మ్స్ మీద. అది పట్టుకుని అక్కడ ఒక ఆసుపత్రికి అప్లై చేస్తే, "క్లినికల్ ట్రైనింగ్ ఏది?" అన్నారు. ఉక్రోషం వచ్చింది. ఇప్పుడు ఆలోచిస్తే వాళ్లదే కరెక్ట్. ల్యాబ్‌లో శాంపిల్ పాడైతే ఇంకోటి చేసుకుంటాం. ఇక్కడ టేబుల్ మీద పడుకున్నది మనిషి. డోసు 5 శాతం తేడాగా వస్తే బయటికేమీ కనపడదు, పేషెంటుకీ తెలీదు. పొద్దున్నే మనం కొలిస్తేనే తెలుస్తుంది.

మళ్లీ స్టూడెంట్‌నయ్యాను. అమెరికాలో ఫిజిక్స్ పిహెచ్‌డి ఉన్నవాళ్ల కోసం క్యామ్‌పెప్ గుర్తింపు ఉన్న సర్టిఫికెట్ కోర్సులు ఉన్నాయి. తర్వాత రెండేళ్ల రెసిడెన్సీ, మూడు భాగాల ఏబీఆర్ పరీక్ష. నా పిహెచ్‌డి వృథా అయిందా? లేదు. ప్రతి రీడింగ్‌నీ అనుమానించే అలవాటు అక్కడే వచ్చింది. రోజూ పనికొస్తోంది.

కానీ ఇండియాలోనే పనిచేయాలంటే దారి వేరు. ఏఈఆర్‌బీ రూల్స్ ప్రకారం ఎమ్మెస్సీ ఫిజిక్స్ తర్వాత రేడియలాజికల్ ఫిజిక్స్ డిప్లొమా చేయాలి. ముంబై బార్క్‌లో అది ఏడాది కోర్సు. లేదంటే నేరుగా ఎమ్మెస్సీ మెడికల్ ఫిజిక్స్, చెన్నై అన్నా యూనివర్సిటీలో ఉన్నట్టు. ఏదైనా, ఆపైన ఆసుపత్రిలో ఏడాది ఇంటర్న్‌షిప్ ఉంటుంది. ఇంకో మాట: ఇలాంటి కోర్సులకి వయసు పరిమితి పెడతారు. పిహెచ్‌డి అయ్యేసరికి అది దాటిపోవచ్చు. నోటిఫికేషన్ ఇవాళే చదవండి.

తమ్ముడికి చెప్పిందే మీకూ చెబుతున్నా. రీసెర్చ్ ఇష్టమైతే పిహెచ్‌డిలో హాయిగా చేరండి. పేషెంట్ల దగ్గర పనిచేయడమే ఇష్టమైతే, దాన్ని మెట్టు అనుకుని ఐదేళ్లు పెట్టొద్దు. చేరే ముందు ఒక్కసారి దగ్గర్లోని రేడియోథెరపీ డిపార్ట్‌మెంట్‌కి వెళ్లి, అక్కడి ఫిజిసిస్ట్‌ని అడిగి, ఒక పూట పని చూడండి. ఆ తర్వాతే ఫీజు కట్టండి.

ఉంటాను మరి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.