మన కీళ్ళు - వాటి కాపుదల
(సంఘ సభ్యుల కుటుంబ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పటాన్‌చెరు, రామచంద్రాపురం ఫ్యాక్టరీల్లో పనిచేసేవారు మనలో చాలామంది ఉన్నారు. మిషనులో బేరింగు అరిగితే ఏమవుతుందో మీకు ఒకరు చెప్పనక్కరలేదు. మన ఒంట్లోని బేరింగుల సంగతి ఈరోజు నాలుగు మాటలు మనవి చేస్తాను.

పెద్దవారి శరీరంలో సాధారణంగా 206 ఎముకలుంటాయి. రెండు ఎముకలు కలిసే చోటే కీలు. కీళ్ళన్నీ కదలవు. పుర్రె ఎముకలు కుట్లు వేసినట్టు అతుక్కుని మెదడును కాపాడతాయి. వెన్నుపూసల నడుమ మెత్తటి బిళ్ళలుంటాయి గనుక అవి కొద్దికొద్దిగా కదులుతాయి. భుజం, తుంటి బంతిగిన్నె కీళ్ళు. అన్ని వైపులా తిరుగుతాయి. మోచేయి, మోకాలు మడతబందు కీళ్ళు. తలుపులాగా ముఖ్యంగా ఒక్క దిక్కుకే మడుస్తాయి. తల అటూ ఇటూ తిప్పేది మెడలోని బొంగరపు కీలు. మణికట్టులోని చిన్న ఎముకలవి జారెడు కీళ్ళు.

కదిలే కీలులో ఎముకల కొనలకు మృదులాస్థి అనే నున్నటి పూత ఉంటుంది. చుట్టూ సంచిలాంటి పొర ఉండి, లోపల జిగట ద్రవం ఊరుతుంది. మిషనుకు గ్రీజు మనం పెట్టాలి, కీలు తన గ్రీజు తానే చేసుకుంటుంది. అయితే ఆ పూతకు రక్తనాళాలు లేవు. కీలు వంగి చాచినప్పుడల్లా ఆ ద్రవం నుంచే దానికి ఆహారం అందుతుంది. కాబట్టి కదలికే కీలుకు తిండి. ఒకసారి అరిగితే మళ్ళీ మునుపటిలా పెరగదు.

కీళ్ళు బిగిస్తే బతుకు ఎంత కష్టమో మన తెలుగు నేల చూసింది. అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లో ఫ్లోరైడు నీళ్ళు తాగినవారి వెన్ను, కీళ్ళు బిగుసుకుపోవడాన్ని 1937లో డాక్టరు షార్ట్, ఆయన తోటివారు వెల్లడించారు. తర్వాత నల్లగొండ బాధ దేశమంతటికీ తెలిసింది. ఎముకలను కట్టి ఉంచే స్నాయువులకు సున్నం పట్టి గట్టిపడతాయి. లీటరు నీటిలో ఫ్లోరైడు 1.5 మిల్లీగ్రాములు దాటరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. నీళ్ళు కాచినా అది పోదు. బోరు నీళ్ళు తాగే ఇళ్ళవారు పరీక్ష చేయించుకోవాలి.

ఇక మన ఇళ్ళలో సంగతి. మోకాలు నొప్పి అంటే, "వయసైంది, ఇంతే" అని అమ్మలు సర్దుకుంటారు. మెడికల్ షాపు గోళీలు నెలల తరబడి మింగుతారు. వాటివల్ల కడుపులో పుండ్లు పడవచ్చు, మూత్రపిండాలు చెడవచ్చు. నొప్పి అని మంచం పట్టినా తప్పే. తొడ కండరాలు సన్నబడి మోకాలు మీద ఇంకా భారం పడుతుంది. కుర్చీలో కూర్చుని కాలు చాచి, కొద్దిసేపు నిలిపి దించండి. ఓర్చుకోగలిగినంత నడవండి. బరువు తగ్గించండి. సజ్దాలో మోకాలు వంగని పెద్దలు కుర్చీలో నమాజు చేసుకోవచ్చు. దానికి మొహమాటం వద్దు.

కీలు ఎర్రబడి, వాచి, జ్వరం వస్తే ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. పొద్దున్నే వేళ్ళు గంటసేపు బిగుసుకుని, రోజూ అలాగే ఉంటే ఆలస్యం చేయవద్దు. మోకాలు మార్చే ఆపరేషను ఉన్నమాట నిజమే గాని, అది చివరి దారి.

ఇంటికి వెళ్ళాక మీ అమ్మగారిని, నాన్నగారిని ఒక్కమాట అడగండి, "మోకాలు ఎలా ఉంది?" అని. వాళ్ళంతట వాళ్ళు చెప్పరు.

ఖుదా హాఫిజ్.