గాలికి కూడా వేలం పాటేనా?



ఊరి చెరువులో చేపలకి పాట పెడతారు. ఎవరైనా పాడొచ్చు అంటారు. కానీ ధరావతు కట్టే డబ్బు ఎవరి దగ్గరుంది? చివరికి చెరువు ఎవరి చేతికి పోతుందో మనకి తెలియంది కాదు. ఇవాళ మేం చెప్పేది గాలికి పెట్టిన పాట సంగతి.

అమెరికా ఖండం నడుమ గ్వాటెమాలా అని చిన్న దేశం. జనాభాలో నూటికి 40 మందికి పైగా ఆదివాసులే, ఎక్కువమంది మాయా ప్రజలు. వాళ్లకి రేడియో తరంగాలు అందేలా చూస్తామని 1995 ఒప్పందంలో సర్కారు మాటిచ్చింది. మరుసటి ఏడే చట్టం చేసింది, వేలంలో ఎక్కువ పాడినవాడికే తరంగం అని. మాయావాళ్లకి ఇవ్వొద్దని చట్టంలో ఎక్కడా రాయలేదు. రాయాల్సిన పనేముంది? డబ్బు సంచే ఆ పని చేసింది.

అయినా వాళ్లు ఊరుకోలేదు. చిన్న చిన్న రేడియోలు పెట్టుకుని తమ భాషలో మాట్లాడుకున్నారు. సుంపాంగోలో 2006లో, సాన్ మిగెల్ చికాహ్‌లో 2012లో పోలీసులు వచ్చి యంత్రాలు ఎత్తుకుపోయారు. దొంగతనం కేసులు పెట్టారు. గాలిని దొంగిలించారట!

నాలుగు మాయా సముదాయాల గోడు చివరికి అమెరికా ఖండ దేశాల మానవ హక్కుల కోర్టుకి చేరింది. 2021 అక్టోబరు 6న తీర్పు. ప్రసారాల మీద సర్కారు అజమాయిషీ ఉండకూడదని కోర్టు అనలేదు. ఆ అజమాయిషీ పేదవాడి నోరు మూయకూడదంది. డబ్బొక్కటే కొలత అయితే మాట్లాడే హక్కూ సమానత్వమూ రెండూ పోయినట్టేనంది. ఆదివాసుల రేడియోలకి తరంగాల్లో కొంత భాగం ప్రత్యేకించాలనీ, కేసులు పెట్టడం ఆపాలనీ, పడిన శిక్షలు రద్దు చేయాలనీ ఆదేశించింది. చూశారా, రిజర్వేషన్ గాలిలో కూడా న్యాయమే!

మనకి ఆసియాలో అలాంటి కోర్టు లేదు. కానీ గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని మన సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. అయినా జహీరాబాద్ దగ్గర మాచనూరులో దళిత ఆడవాళ్లు ఏళ్ల తరబడి టేపుల మీద రికార్డు చేసి సంఘాల్లో వినిపించుకున్నాకే, 2008 అక్టోబరు 15న వాళ్ల సంఘం రేడియో గాలిలోకి ఎక్కింది. అప్పుడు కూడా సొంతంగా వార్తలు చెప్పే వీలు నియమాల్లో లేదు. విత్తనం గురించి చెప్పొచ్చు, పాట పాడొచ్చు. మన వాడ మీద దాడి జరిగితే ఆ కబురు మాత్రం వార్తగా చెప్పకూడదు!

అందుకే మేం అడిగేది ఒక్కటే. చెరువులో వాటా అడిగినట్టే, భూమిలో వాటా అడిగినట్టే, గాలిలోనూ మన వాటా అడుగుదాం. పాట పాడే హక్కు ఒక్కటే చాలదు. మన కబురు మన నోటితో చెప్పే హక్కు కావాలి.

జైభీమ్!