ఉపకేంద్రములోని క్రొత్త యుద్యోగి
(ఒక గ్రంథాలయ సభలో చేసిన యుపన్యాసము)



మన గ్రామముల ఆరోగ్య ఉపకేంద్రములలో ఇప్పుడొక క్రొత్త యుద్యోగి కనబడుచున్నది. ఆమె వైద్యురాలు కాదు. నర్సు విద్య ముగించి, సామాజికారోగ్యమున శిక్షణ పొందినది. 2018లో ఆరంభమైన ఆయుష్మాన్ భారత్ పథకము ననుసరించి ఇట్టివారిని దేశమంతట నియమించిరి. "పట్టణమునకు పూర్తి వైద్యుడు, పల్లెకు సగము చదువా?" యని కొందరాక్షేపించుచున్నారు. ఆ యాక్షేపణను త్రోసివేయరాదు, విచారింపవలెను.

ఇది మనకు క్రొత్త ప్రశ్న కాదు. ఎల్.ఎమ్.పి. వైద్యులను పెద్దలెరుగుదురు. 1946లో భోర్ సంఘము తన నివేదికను సమర్పించునాటికి దేశమున నమోదైన వైద్యులలో హెచ్చుమంది వారే. దేశమంతట ఒకే వైద్యపట్టముండవలెనని తలచి ఆ తరగతిని ఆపివేసిరి. ఆశయము గొప్పదే. కాని పట్టభద్రుడు పల్లెకు రాలేదు. ఆ చోట పట్టము లేని ఆర్.ఎం.పి. కూర్చుండెను. నేడు మనము సగము చదువును నిందించుచున్నాము గాని, చాలకాలముగా పల్లె వైద్యమునకు ఏ చదువును లేదు.

ఇక వ్యయము మాట. నా కక్షిదారులలో ఒక కూలి స్త్రీ యుండెను. రక్తపుపోటు మాత్ర ధర స్వల్పమే. కాని దానికై పట్టణమునకు పోయిన దినమున కూలి పోవును, బస్సు ఖర్చు తగులును. నాట్ల కాలమున ఆమె మాత్రలు మానెను. పక్షవాతము వచ్చెను. చికిత్సకై అర యెకరము అమ్మిరి. ఆ క్రయదస్తావేజు వ్రాసినవాడను నేనే.

రోగమును నిర్ణయించి మందు మొదలిడువాడు వైద్యుడు; మాసమాసమునకు పోటు కొలిచి ఆ మందు నందించునది ఈ యుద్యోగి. ఇంతమాత్రమునకు ఆమె చదువు చాలును. ఛత్తీస్‌గఢ్‌లో మూడేండ్లు చదివిన గ్రామీణ వైద్య సహాయకులను పరీక్షింపగా, సామాన్య వ్యాధులలో వారు ఎం.బి.బి.ఎస్. వారికి తీసిపోలేదు. అంతకంటె తక్కువ శిక్షణ గలవారు వెనుకబడిరి. కావున శిక్షణకు తగిన పనియే అప్పగింపవలెను.

న్యాయవాదిని గనుక హద్దుల మాట చెప్పక తప్పదు. అస్సాము ప్రభుత్వము 2004లో మూడేండ్ల డిప్లొమా వైద్యులకై శాసనము చేసెను. కేంద్రశాసనమునకు విరుద్ధమని 2014లో గౌహతి హైకోర్టు దానిని కొట్టివేయగా, 2023లో సుప్రీముకోర్టు ఆ తీర్పును స్థిరపరచెను. అయినను, వారిని ఆరోగ్యసేవకులుగా నిలుపుకొన్న 2015 నాటి రెండవ శాసనము చెల్లునని ఆ కోర్టే చెప్పెను. వైద్యుడను పేరు వేరు, సేవచేయు హక్కు వేరు. జాతీయ వైద్య సంఘపు 2019 శాసనములోని 32వ విభాగమును ఇట్టివారికి పరిమితమైన అనుమతినే చెప్పుచున్నది.

నా భయము ఆమె చదువును గూర్చి కాదు. ఆమె వెనుక వైద్యుడు లేకున్నను, మందుల పెట్టె వట్టిదైనను, ఆమె వట్టి గుమాస్తాయగును. రోగి మరల బస్సెక్కును. అప్పుడు ప్రభుత్వమునకు మిగిలినట్లు కనబడు ధనము కూలివాని కొంగునుండి పోయినదే. పైగా వీరిలో హెచ్చుమంది ఒప్పందపు టుద్యోగులు. ఏటేట మారు మనిషికి ఊరివారి రోగములెట్లు తెలియును?

మన స్వచ్ఛందసేవకులకు నా మనవి యొక్కటి. మీ మీ గ్రామముల ఉపకేంద్రమునకు పోయి, పోటు మందు, చక్కెరవ్యాధి మందు ఎన్ని దినములకు నిలువయున్నవో, పర్యవేక్షక వైద్యుడు కడపట ఎప్పుడు వచ్చెనో వ్రాసికొని రండు. ఆ యమ్మను దబాయింపకుడు. ఆమె చేతిలో లేనిదానికి ఆమె బాధ్యురాలు కాదు. ఆ పట్టీలతో జిల్లా వైద్యాధికారి యొద్దకు మీతోకూడ నేనును వచ్చెదను.