వాయుగుండపు జాడ

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదువబడిన ఉపన్యాసము)



గ్రంథాలయోత్సవములలో కావ్యములను గూర్చియో పురాణములను గూర్చియో ప్రసంగించుట పరిపాటి. అట్టిచోట తుఫానును గూర్చిన ప్రసంగమునకు తావెక్కడిదని కొందరికి సందేహము కలుగవచ్చును. కాని గ్రంథమనగా భద్రపరచబడిన అనుభవమే కదా! పూర్వులు పడిన కష్టమును వ్రాసియుంచుటయు, అనంతరులు దానిని చదివి జాగ్రత్తపడుటయు గ్రంథాలయమునకు పరమప్రయోజనములు. అట్టి వ్రాత యెన్ని ప్రాణములను నిలుపగలదో తెలియుటకు తీరాంధ్రమున తుఫానుల చరిత్రకంటె మంచి నిదర్శనము లేదు.

వానను లెక్కించు విద్య యీ దేశమునకు క్రొత్తది కాదు. వర్షమును కొలుచుటకై ధాన్యపు కొట్టారమున ఒక కుండము నుంచవలెనని కౌటిల్యుని అర్థశాస్త్రము విధించినది. వరాహమిహిరుడు బృహత్సంహితలో మేఘగర్భ లక్షణములకును, వర్షపరిమాణమునకును వేర్వేరు అధ్యాయములను కేటాయించెను. శిస్తు పంటను బట్టియు, పంట వానను బట్టియు నుండుటచే వానలెక్క పాలకులకును కర్షకులకును గూడ అవసరమయ్యెను. అయితే పడిన వానను కొలుచుట వేరు. కంటికానని నడిసముద్రమున పుట్టిన గాలి ఏ దినమున, ఏ యూరిమీద, ఎంత బలముతో పడునో ముందుగా చెప్పుట వేరు. ఈ రెండవ విద్య పెరుగుటకు తెలుగుతీరపు కష్టమే కొంత కారణమైనది.

గోదావరి ముఖమున కోరంగి యను రేవుపట్టణ ముండెను. ఓడలు కట్టుటకును, బాగుచేయుటకును అది పేరుపొందినది. 1789లో నొకమారు, 1839 నవంబరులో మరియొకమారు తుఫానుతో గూడిన ఉప్పెన దానిపై విరుచుకొనిపడెను. రెండవ దెబ్బతో ఆ రేవు వైభవము గతకాలపు మాటయయ్యెను. ఆ దినములలో కలకత్తాలో నుండిన హెన్రీ పిడింగ్టన్ అనునాతడు ఓడల దినచర్య పుస్తకములను ప్రోగుచేసి, ఏ వేళ ఏ దిక్కుగాలి వీచినదో, భారమితిలో పాదరస మెంత దిగినదో సరిపోల్చి చూచుచుండెను. కోరంగి తుఫానులును ఆతని పరిశీలనకు వచ్చినవే. వేర్వేరు చోట్లనున్న ఓడల లెక్కలను ఒక్క పటముపై కూర్చగా, గాలి తిన్నగా పోక చుట్టలు చుట్టుకొనుచు నడచునని అంతకుముందు పాశ్చాత్యులు చెప్పిన సంగతి బంగాళాఖాతమునందును రుజువయ్యెను. పాముచుట్టను తెలుపు గ్రీకుపదము ననుసరించి 'సైక్లోన్' అను పేరు కల్పించినవాడు ఆతడే. ఒక్కొక్క నావికుడు తన పుస్తకమున వ్రాసికొనిన పంక్తికి విడిగా విలువ స్వల్పము. అవి యన్నియు ఒకచోట చేరినప్పుడు శాస్త్రము పుట్టినది. గ్రంథాలయమున కిదియే సూత్రము.

1864 అక్టోబరులో కలకత్తాను, నవంబరు 1వ తేదీని మచిలీపట్టణమును తుఫానులు ముంచివేసెను. బందరు ప్రాంతమున ముప్పదివేలమంది మడిసిరని చెప్పుదురు. ఈ రెండు విపత్తులతో ప్రభుత్వము కన్నుతెరచి, మరుసటి యేడు కలకత్తా రేవునకు తుఫాను హెచ్చరికల నేర్పరచెను. 1875లో భారత వాతావరణశాఖ స్థాపితమయ్యెను.

ఇక తుఫాను స్వరూపమును విచారింతము. సముద్రజలము 26, 27 డిగ్రీల సెంటిగ్రేడుకు మించి, పైపైనే కాక లోతువరకును వెచ్చబడియుండవలెను. ఆ నీరు ఆవిరియై పైకెగసి, చల్లబడి మేఘమగునపుడు తనలో దాచుకొనిన వేడిమిని విడుచును. ఆ వేడిమిచే గాలి మరింత పైకిపోవును. క్రింద పీడనము తగ్గును. తగ్గినచోటికి నలుదిక్కులనుండి గాలి పరుగెత్తును. భూభ్రమణమువలన ఆ పరుగు వంకరబోయి, భూమధ్యరేఖ కుత్తరమున గడియారపు ముల్లు తిరుగు దిశకు ఎదురుగా సుడి తిరుగును. మొదట అల్పపీడనము; గాలివేగము గంటకు 31 కి.మీ. చేరిన వాయుగుండము, 50 దాటిన తీవ్ర వాయుగుండము, 62కు చేరిన తుఫాను, 89కి తీవ్ర తుఫాను, 118కి అతితీవ్ర తుఫాను. ఆపైనను మెట్లు కలవు. బలిష్ఠమైన తుఫాను నడుమ గాలియు వానయు నిలిచిన శాంతస్థల మొకటి యేర్పడును. దానినే కన్ను అందురు. ఆ కంటిచుట్టు గోడవలె నిలిచిన మేఘములలోనే ప్రచండమైన గాలి యుండును.

తుఫాను ఎటు పోవునో చెప్పు విద్య ఇటీవలి దశాబ్దములలో చాల బాగుపడినది. ఎంత బలపడునో చెప్పుట మాత్రము నేటికిని కఠినమే. ఇరువదినాలుగు గంటలలో గాలివేగము 55 కి.మీ. మేర హెచ్చినచో దానిని శీఘ్రబలోదయముగా శాస్త్రజ్ఞులు లెక్కింతురు. క్రింది నీరు లోతువరకు వెచ్చగా నుండి, పైగాలికిని క్రిందిగాలికిని వైరము లేక, చుట్టునున్న గాలి తేమతో నిండియున్నప్పుడు ఇట్లు జరుగును. పొయ్యిలో కట్టె తరుగక, మంట గాలికి చెదరక యున్నచో ఎసరు పొంగుట కెంతసేపు పట్టును? అయితే ఏ గడియలో పొంగునో ముందుగా చెప్పుటయే దుర్ఘటము. 2023 అక్టోబరులో మెక్సికోదేశపు పసిఫిక్ తీరమున అకపుల్కో పట్టణమును తాకిన 'ఓటిస్' అట్టిది. సామాన్యమైన తుఫానని ముందునాడు తలచిరి. ఒక్క దినములో అది అత్యున్నత శ్రేణికి పెరిగి, అర్ధరాత్రి దాటిన పిమ్మట ఊరిమీద పడినది. గణితయంత్రము లన్నియు నుండియు ఆ పెరుగుదలను పట్టుకొనలేకపోయినవి.

బంగాళాఖాతమున దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణము 2013 నాటి 'ఫైలిన్'. అక్టోబరు 8వ తేదీని అండమాను సముద్రమున వాయుగుండముగా పుట్టినది. ద్వీపములను దాటి, 9వ తేదీ సాయంకాలమునకు తుఫానై పేరు పొందినది. 10వ తేదీ ఉదయమున గాలివేగము సుమారు 83 కి.మీ.; మరునాటి ఉదయమునకు సుమారు 213 కి.మీ. ఈ రెండంకెలను సామాన్యముగా చూచినవారికి గాలి రెండున్నర రెట్లు పెరిగినదని మాత్రమే తోచును. కాని గాలి త్రోపు దాని వేగముయొక్క వర్గమును బట్టి యుండును. ఆ లెక్కను కట్టిచూడగా గోడపై పడు త్రోపు ఆరున్నర రెట్లు పెరిగినది. ముందునాడు తాటాకు కప్పును లేపగల గాలి మరునాటికి స్తంభములను పెకలించు గాలియైనది.

నడిసముద్రమున దానిని కొలిచిన దెవరు? అట్లాంటిక్ సముద్రముపై తుఫాను గర్భములోనికి విమానములను నడిపి పీడనమును కొలుతురు. బంగాళాఖాతమున అట్టి నిత్యయాత్రలు లేవు. ఉపగ్రహము పైనుండి తీసిన చిత్రములలో మేఘపు చుట్ట ఎంత బిగిసినది, కన్ను తెరచుకొన్నదా లేదా అనువానిని బట్టి బలమును అంచనా వేయుదురు. ఈ పద్ధతిని 1970 ప్రాంతమున అమెరికాలో వెర్నన్ డ్వోరాక్ రూపొందించెను. ముఖమును చూచి జ్వరతీవ్రతను పోల్చు వైద్యుని విద్యవంటి దిది. తుఫాను తీరమునకు కొన్నివందల కిలోమీటర్ల చేరువకు వచ్చినపుడు రాడార్లు దానిని పట్టుకొనును. సముద్రమున తేలు బోయాలును, ఓడలును, తీరకేంద్రములును తమ తమ అంకెలను పంపును.

ఫైలిన్ విషయమున విదేశ నిపుణులు కొందరు అది మహాతుఫానగుననిరి. భారత వాతావరణశాఖ తన లెక్కపై నిలిచి, తీరమును తాకునప్పటికి గాలివేగము 210, 220 కి.మీ. ప్రాంతమున నుండునని చెప్పినది. 12వ తేదీ రాత్రి గోపాలపురమునొద్ద అది తీరము దాటెను; శాఖ చెప్పిన లెక్క నిలిచినది. అంతకుముందే ఒడిశాలోను, శ్రీకాకుళము మొదలగు ఆంధ్రమండలములలోను పదిలక్షలకు మించిన జనమును సురక్షితస్థలములకు చేర్చిరి. అదే ఒడిశా తీరమున 1999 అక్టోబరు 29న వచ్చిన మహాతుఫానులో సుమారు పదివేలమంది మరణించిరి. ఫైలిన్‌నాడు మృతులసంఖ్య పదులలో నిలిచినది. సముద్రము మారలేదు; గాలి మారలేదు; వార్త చేరిన తీరు మారినది.

వార్త చేరకపోయిన ఏమగునో తెలుగువారికి వేరొకరు చెప్పనక్కరలేదు. 1977 నవంబరు 19వ తేదీని చీరాల ప్రాంతమున తుఫాను తీరము దాటెను. చీరాలకు ఈశాన్యమున నున్న దివిసీమను ఉప్పెన ముంచివేసెను. నీరు అయిదు మీటర్ల ప్రమాణమున లేచినది. మరణించినవారు సుమారు పదివేలని ప్రభుత్వపు లెక్క. అంతకు హెచ్చని ఆ సీమవారి మాట. తుఫాను వచ్చుచున్నదన్న సంగతి వాతావరణశాఖకు తెలియును. కాని అది లంకలలోని ప్రతి గుడిసెకును చేరలేదు. తెలిసినవారికిని తెలియనివారికిని నడుమనున్న దూరమే ఆనాడు మృత్యువైనది.

తుఫాను కేంద్రము చీరాలవైపున దాటగా దివిసీమ యేల మునిగినదని కొందరికి సంశయము. సుడిగాలి గడియారమున కెదురుగా తిరుగుటచే, తూర్పునుండి పడమటికి వచ్చు తుఫానునకు కుడివైపున, అనగా ఉత్తరభాగమున, గాలి సముద్రమునుండి నేలమీదికి వీచును. ఆ గాలియే నీటిని తీరముపైకి త్రోయును. ఎడమవైపున గాలి నేలనుండి సముద్రమునకు వీచును. కావున ‘తుఫాను దక్షిణమునకు పోయినది, భయము లేదు’ అనుకొనుట తెలుగుతీరమున ప్రాణాంతకమైన భ్రమ. అది దక్షిణముగా పోయినపుడే ఉప్పెన కధిక భయము.

యంత్రము లేనివానికిని పనికివచ్చు సూత్రమొకటి కలదు. హాలండు పండితుడు బైస్ బాలట్ 1857లో దీనిని ప్రకటించెను. గాలికి వీపు త్రిప్పి నిలుచుండవలెను. తుఫాను కేంద్రము ఎడమచేతివైపున, కొంచెము ముందుగా నుండును. ఉత్తరపుగాలి వీచుచుండిన కేంద్రము తూర్పున, సముద్రములో నున్నదన్నమాట. గాలి క్రమముగా ఈశాన్యమునకును, తూర్పునకును తిరిగిన కేంద్రము దక్షిణముగా దాటుచున్నది. ఉప్పెన పట్ల జాగరూకత వలయును. వాయవ్యమునకును, పడమటికిని తిరిగిన కేంద్రము ఉత్తరముగా దాటుచున్నది. దిక్కు మారకయే గాలి హెచ్చుచుండిన కేంద్రము సూటిగా ఆ యూరిమీదికే వచ్చుచున్నది. అకస్మాత్తుగా గాలి నిలిచి, ఆకాశము తెరపిచ్చిన అది శాంతి కాదు, కన్ను. ఆ సమయమున ఇల్లు చూచుకొనుటకు బయలుదేరినవారిని కొద్దిసేపటికే ఎదురుదిక్కునుండి లేచిన గాలి కబళించును.

అయితే ఈ సూత్రమును నమ్మి ఇంట కూర్చుండుట తగదు. గాలి చెప్పువేళకు దారులు మూసికొనిపోవును. శాఖవారు తీరప్రాంతమునకు 72 గంటల ముందు సూచనయు, 48 గంటల ముందు అప్రమత్తతయు, 24 గంటల ముందు హెచ్చరికయు నిత్తురు. పిమ్మట మూడుగంటల కొకమారు వార్త వెలువడును. అది మూడుగంటల కొకమారేల? తుఫాను అంతలో మారగలదు గనుక. ఉదయము విన్న బలముతో రాత్రికి నిర్ణయము చేయుట నిరుటి అడంగలుతో ఈ యేటి శిస్తు కట్టుట వంటిది. శీఘ్రముగా బలపడు తుఫానుపట్ల ఈ పొరపాటునకు క్షమాపణ లేదు.

రేవులలో ఎగురవేయు ప్రమాదసంకేతములలో పదవది తుఫాను రేవుమీదనో దాపుననో దాటుననుటకు గుర్తు. దాని తరువాత పదునొకండవది కలదు. వాతావరణ కేంద్రముతో సంబంధము తెగినదని దానికర్థము. 2014 అక్టోబరు 12న 'హుద్‌హుద్' విశాఖపట్టణముపై దాటినపుడు గంటకు సుమారు 180 కి.మీ. గాలికి, దాని జాడను చూపుచుండిన రాడారు సైతము దెబ్బతిని మూగవోయినది. విద్యుత్తు పోయినది; టెలిఫోనులు నిలిచినవి. అతి నవీనమైన యంత్రము సైతము అత్యవసరమైన గడియలో మూగవోవచ్చును. అప్పటికి మనుష్యులు కదలి సురక్షితస్థలమున నుండవలెను. చెట్లను తరలించుట యెవరితరమును గాదు. 2018 అక్టోబరులో పలాసయొద్ద దాటిన 'తిత్లీ' ఉద్దానపు కొబ్బరితోటలను కూల్చినది. మనుష్యులను, పశువులను, దస్తావేజులను తరలింపవచ్చును.

కావున గ్రంథాలయమునకు ఈ విషయమున చేయదగిన పనులు కొన్ని కలవు. వాకిట నొక నల్లబల్ల నుంచి, తుఫాను దినములలో ప్రతి వార్తను వేళతోసహా వ్రాయవలెను. వేళ లేని వార్త తేదీలేని దస్తావేజు వంటిది. చదువురానివారికి దానిని చదివి వినిపించుటకు ఇద్దరు యువకులు నియమితులు కావలెను. వాడలో ముసలివారు, గర్భిణులు, కుంటివారు ఏ యిండ్లలో నున్నారో ముందుగానే ఒక పట్టీ సిద్ధముగా నుండవలెను. తుఫాను వెడలిన తరువాత నీరు ఎంతవరకు వచ్చినది, ఏ మిట్ట మునుగలేదు, ఏ గోడ నిలిచినది అను సంగతులను ఒక పుస్తకమున వ్రాసి, ఈ బీరువాలలోనే భద్రపరచవలెను.

ఆనాడు ఓడలమీద నావికులు వ్రాసిన పంక్తులు ఎవరి ప్రాణములను కాపాడునో వారికి తెలియదు. ఈ యూరి పుస్తకమున వ్రాయబడు పంక్తియు అట్టిదే. పాతికేండ్లుగా పుస్తకముల నిచ్చి పుచ్చుకొనిన ఈ మందిరము మరి పాతికేండ్లలో ఊరికి అట్టి పుస్తక మొకదానిని సమకూర్చినచో, ఈ రజతోత్సవము సార్థకమగును.

స్వస్తి.