ఫిరంగి విడిచి చెరసాల చేపట్టిన వాడు



కౌటిల్యుని అర్థశాస్త్రమున సన్నిధాత యను అధికారి కట్టింపవలసిన కట్టడముల పట్టిక యొకటి కలదు. కోశగృహము, ధాన్యపు కొట్టు, ఆయుధాగారము మొదలగు వాని వరుసలోనే బంధనాగారము, అనగా చెరసాలయు, చేర్పబడినది. వీని కన్నిటికిని బావియు, స్నానగృహమును, మరుగుదొడ్డియు ఉండవలెననియు, అగ్నినుండియు విషమునుండియు రక్షణ కల్పింపవలెననియు, పిల్లులను ముంగిసలను ఉంచవలెననియు అందు చెప్పబడినది. ముంగిస మాట చదివి నవ్వువారుందురు. కాని బయట గడియ వేసిన గదిలో పాము దూరినచో లోపలివాడు పారిపోజాలడు గదా! శిక్ష విధించుట న్యాయాధిపతి పని. ఆ శిక్షకు తోడు పాముకాటును, కప్పు కూలుటయు, కుళ్ళిన నీరును చేరకుండ చూచుట కట్టడమును కాపాడువాని పని. మొదటి పనిని గూర్చి ధర్మశాస్త్రములు కొల్లలుగా నున్నవి. రెండవదానిని గూర్చి వ్రాసినవారు బహు కొద్దిమంది.

ఈ రెండవ పనికి సైన్యమునుండి వచ్చినవారు పలువురు కలరు. లండనులో 1842లో తెరువబడిన పెంటన్‌విల్ చెరసాలకు నమూనా గీసిన జాషువా జెబ్ సైనిక ఇంజనీరే. అయినను తెలుగువారికి ఇంతకంటె దగ్గరి కథ సింగపూరున జరిగినది.

కంపెనీ దొరతనమున ద్వీపాంతరవాస శిక్ష పడినవారిని ఓడలెక్కించి సుమత్రా ద్వీపమునందలి బెంకులెనుకు పంపుచుండిరి. 1824 నాటి ఒడంబడికచే ఆ రేవు ఒలందావారి వశము కాగా, 1825 ఏప్రిల్ 18న అచ్చటినుండి 80 మంది మద్రాసు శిక్షితులు సింగపూరు చేరిరి. వారము దినములకు బెంగాలు శిక్షితులు 122 మంది వచ్చిరి. తెలుగు జిల్లాలు అప్పుడు మద్రాసు రాజధానిలోనివే. సముద్రము దాటినవానికి కులము పోయెననియు, ఇక తిరిగి రాడనియు ఇండ్లలో ఆశ వదలుకొనుచుండిన కాలమది.

అట్టి శిక్షితులు ఇంచుమించు రెండువేలమంది యుండిన కాలమున, 1857లో, జాన్ ఫ్రెడెరిక్ అడాల్ఫస్ మాక్‌నెయిర్ అనునతడు వారిపై అధికారియై వచ్చెను. 1828లో పుట్టిన ఇతడు మద్రాసు ఫిరంగి దళమువాడు. ఇతనికి ముందున్న రోనాల్డు మాక్‌ఫెర్సనును ఆ దళమువాడే. ఫిరంగుల కొలువు వెనుకబడి సివిలు కొలువు చేతికి వచ్చెను. సైనిక బిరుదము మాత్రము పేరు వెంట నిలిచెను. మరమ్మతులు, రోడ్లు, భవనములు చూచు ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు పదవియు, శిక్షితుల సూపరింటెండెంటు పదవియు ఒక్కని చేతనే యుండుట అచ్చటి ఏర్పాటు. అందుచేత గోడ బీటలు వారినచో ఇటుక కొనుటకును, కూలివానిని పిలుచుటకును బయటికి పోనక్కరలేదు. ఇటుక కాల్చువారును, సున్నము నూరువారును, బీటలు పూడ్చువారును ఆ గోడ లోపలివారే.

ఇచ్చటనే సైనికునికి క్రొత్త పాఠము. దండులో శత్రువు గోడకు వెలుపల నుండును, లోపలివారందరు తనవారు. చెరసాలలో ఎవనిని నిలుపుటకు గోడ కట్టబడినదో వాని చేతికే గునపము, ఉలి, త్రాడు, నిచ్చెన ఇయ్యవలెను. వీనిలో పారిపోవుటకు పనికిరాని పనిముట్టు ఏది? ఇయ్యకున్న పని సాగదు, ఇచ్చిన భయము. పైగా అది సిపాయీల తిరుగుబాటు జరిగిన సంవత్సరము. హిందూదేశపు శిక్షితులు తమపై లేతురేమోయని సింగపూరు తెల్లవర్తకులు కలత జెందుచుండిరి.

ఈ చిక్కునకు అచ్చటివారు కనుగొనిన ఉపాయము మాక్‌నెయిరు రాకకు పూర్వమే మొదలైనది. ఇతడు దానిని స్థిరపరచెను. జీతపు కావలివారిని తగ్గించి, సత్ప్రవర్తనగల శిక్షితులనే శిక్షితులపై కావలి నియమించిరి. అందరిని ఆరు తరగతులుగా విభజించిరి. క్రొత్తగా వచ్చినవానికి సంకెళ్ళు. నమ్మకము కుదిరిన కొలది సంకెల తొలగును; పని మారును; కొందరు కావలివారగుదురు; చీటీ పొందిన మొదటి తరగతివారు బయట బ్రతుకుతెరువు చూచుకొనవచ్చును. తప్పు చేసినవాడు మెట్లు దిగి బరువు సంకెళ్ళకు పోవును. వృద్ధులును రోగులును ఆరవ తరగతి. సైన్యమున హోదాలు ఎక్కుటయు దిగుటయు ఎరిగినవానికి ఈ నిచ్చెన క్రొత్తగాదు. పులులు మనుష్యులను చంపుచున్నప్పుడు శిక్షితులకు తుపాకులిచ్చి వేటకు పంపినారనినచో ఆ నమ్మకము ఎంత దూరము పోయెనో తెలియును.

పని తెలియక వచ్చినవారు అచ్చట తాపీ, వడ్రంగము, కమ్మరము నేర్చిరి. 1856లో పునాదిరాయి వేసి 1862లో ప్రతిష్ఠ చేసిన సెయింట్ ఆండ్రూస్ దేవాలయమునకు నమూనా మాక్‌ఫెర్సనుది, చేతులు శిక్షితులవి. లోపలి గోడలకు మద్రాసు గచ్చు వేసిరి. గుల్లసున్నములో కోడిగ్రుడ్డు తెల్లసొనయు ముతక చక్కెరయు కలిపి, ముద్దయగువరకు దంచి, కొబ్బరిపీచు నానవేసిన నీటితో పలుచన చేసి పూయుదురు. ఆరిన పిమ్మట నున్నని రాతితో రుద్ది, బలపపురాతి పొడి చల్లి మెరుగు దిద్దుదురు. పాత మేడలలో అద్దమువంటి గచ్చును చూచినవారికి ఇది వింత కాదు. 1867–69లో కట్టిన గవర్నరు భవనమునకు నమూనా మాక్‌నెయిరుదే. అందును పనివారు శిక్షితులే.

ఇంతమాత్రమున ఆ పద్ధతిని ఆకాశమునకెత్తరాదు. జమాఖర్చు చూచినచో బయటి కూలివానికి ముట్టవలసిన కూలి సర్కారునకు మిగిలెను. మంచి నడవడికకు బహుమానము సంకెల తీయుట గాని సొంత ఊరు కాదు. ఆలుబిడ్డల లెక్క ఏ తరగతిలోను రాలేదు. గోడ కట్టించినవాని పేరు చరిత్రలో నిలిచినది. కట్టిన తాపీవాని ఊరేదో అడిగినవాడు లేడు. అయినను కొరడాకంటె తాపీ చేతికిచ్చుట మేలను మాటను కాదనువారెవరు? ఆ చేతులు మరియొక చోట కేవలము రాళ్ళు కొట్టి అరిగిపోయియుండును.

1867లో సింగపూరు కంపెనీ వారసుల చేతినుండి ఇంగ్లండు వలసశాఖ క్రిందికి పోయెను. 1873లో శిక్షితుల నిలయమును ఎత్తివేసి, మిగిలినవారిని అండమానుకు తరలించిరి. గడువు తీరినవారు పెక్కుమంది స్వదేశమునకు పోక అచ్చటనే బండ్లు తోలియు, ఆవులను పెంచి పాలమ్మియు బ్రతికిరి. మాక్‌నెయిరు కొలువు చాలించి, ముసలితనమున, 1899లో, ఖైదీలే తమకు తాము కావలివారను అర్థము వచ్చు పేరుతో గ్రంథమొకటి ప్రకటించెను. గచ్చు పాకము సున్నముతో మొదలై బలపపురాతి పొడివరకు అందు వివరముగా వ్రాయబడియున్నది.