అంకుడు నాటని యూర లక్కబొమ్మ నిలుచునా?

(ఒక పఠనమందిరమున చేసిన యుపన్యాసము)



చేతిపనుల నుద్ధరింపవలెనని మనము సభలలో తీర్మానించుచున్నాము. పనివానికి శాలువ కప్పుచున్నాము. కాని యాతని చేతికి కఱ్ఱ యెచ్చటనుండి వచ్చునో, రంగు ఏ మొక్కనుండి వచ్చునో విచారించువారు అరుదు. నేటి నా మనవి ఈ విచారణను గూర్చియే.

అనకాపల్లి జిల్లాలో వరాహనదీ తీరమున ఏటికొప్పాక గ్రామము కలదు. అచ్చటి పనివారు ఎండిన అంకుడు కఱ్ఱను తరిమెనకు బిగించి చెక్కుదురు. అది తిరుగుచుండగా రంగు కలిపిన లక్కకడ్డీని దానికి ఒత్తుదురు. ఒరపిడి వేడికి లక్క కరగి కఱ్ఱను పట్టుకొనును. మన యిండ్ల బాలికలు ఆడుకొన్న లక్కపిడతలు ఇట్టివే.

ఈ పనికి ప్రాణము చెట్టు. చెట్టు పోయిన విద్య యేమగునో నీలిమందు చరిత్రయే చెప్పుచున్నది. 1897లో జర్మనీలో తయారైన కృత్రిమపు నీలి విపణికి వచ్చెను. 1914 నాటికి మన దేశపు నీలి సేద్యము మిక్కిలి క్షీణించెను. ఏటికొప్పాకలోను రసాయనపు రంగులు చేరెను. అట్టి సమయమున శ్రీ సి. వి. రాజుగారు పనివారితో కలసి పసుపు, నీలి, జాఫ్రా గింజలు మున్నగువానినుండి రంగులు తీయు పద్ధతిని మరల నెలకొల్పిరి. ఆ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించెను. 2023లో వారికి పద్మశ్రీ వచ్చెను.

న్యాయవాదిగా ఒక్క మాట. 1999 నాటి చట్టము ప్రకారము ఈ గుర్తింపు ఊరిపేరునకు రక్షణ. కాని ప్రతి పనివాడును అధీకృత వాడుకరిగా తన పేరు నమోదు చేయించుకొనిననే యా హక్కు వానికి పూర్తిగా దక్కును. పదేండ్లకొకమారు దానిని పునరుద్ధరింపవలెను. అంతియగాక, పట్టా యున్నంత మాత్రమున పొలము పండదు గదా! అడవిలో అంకుడు తరిగినచో ఆ గుర్తింపు కాగితమే మిగులును. కొండపల్లి బొమ్మలకు కావలసిన తెల్లపొణికి కఱ్ఱ దొరకుటయే కష్టమగుట మనము చూచుచున్నాము.

అంకుడు మెట్టభూమిలో పెరుగును. నరికిన మోడు మరల చిగుర్చును. రైతు తన వరిని, చెఱకును మానవలసిన పనిలేదు. గట్టుమీద అంకుడు, బీటిభూమిలో జాఫ్రా, పెరటిలో పసుపు పెంచిన చాలును. దేశపు లక్కలో అధికభాగము ఝార్ఖండమునుండి వచ్చుచున్నది. లక్కపురుగు నివసించు మోదుగు, రేగు మన బీళ్లలోను కలవు గదా! ఒక పంట చెడినయేడు మఱియొకటి యాదుకొనును. అయితే పెంచిన చెట్టును నరికి యమ్ముకొనుటకు అనుమతి యెట్లో అటవీశాఖవారు ముందుగానే తెలుపవలెను. లేనిచో రైతు నాటడు.

“చౌకయగు ప్లాస్టిక్ బొమ్మ యుండగా దీనిని కొనువారెవరు?” అని కొందరందురు. చౌకతనమున పోటీ మనకేల? శిశువు బొమ్మను నోట పెట్టుకొనును; సీసము గల రంగు వానికి విషము. ఇది యెరిగిన తల్లిదండ్రులు, బాలవిద్యాలయములు మన గిరాకీ. వారు కొలదిమందియే కావచ్చును. చిన్న పరిశ్రమకు చిన్న విపణి చాలును. కాని యా విపణి నమ్మకముపై నిలుచును. మొక్కరంగని చెప్పి రసాయనపు రంగు పూసినవాడు తన బొమ్మనే కాదు, ఊరి పేరును అమ్ముకొనినవాడగును.

ఏటికొప్పాక 1933లోనే సహకార చక్కెర కర్మాగారమును స్థాపించుకొనిన గ్రామము. చెఱకురైతులకు నాడు సాధ్యమైన సహకారము, చెట్టు పెంచువానికిని బొమ్మ చేయువానికిని నేడు అసాధ్యమా? ముందు నిర్ణయించిన ధరకు కఱ్ఱను, రంగుగింజలను కొందుమని పనివారి సంఘము రైతునకు వ్రాసి యిచ్చిన, ఇరువురును నిలుతురు.

మనవంతు కూడ కలదు. బొమ్మ కొనునపుడు రంగేదని యడుగుడు. ఈ తొలకరికి మీ యూరి బీటిలో పది అంకుడు మొక్కలు నాటించుడు. తరువాతి సభలో తీర్మానముకంటె ముందు, వానిలో ఎన్ని బ్రతికినవో లెక్క చెప్పుడు.